వాదన వెనుక చెల్లింపు: పాట్రిక్ మైకేల్స్ ఉదంతం

ఒక శాస్త్ర విషయంలో ప్రభుత్వం ఏమి చేయాలో, ఏమి చేయకూడదో పత్రికల్లోనూ టెలివిజన్‌లోనూ చట్టసభల సంఘాల ముందూ వివరించే నిపుణుణ్ణి విధాన వ్యాఖ్యాత అంటారు. పరిశోధన చేసే శాస్త్రవేత్తకూ ఓటు వేసే పౌరుడికీ నడుమ అతడి స్థానం. శాస్త్ర పత్రాలు చదివే తీరిక గానీ శిక్షణ గానీ లేని పౌరుడు ఆ వ్యాఖ్యాత హోదాను చూసి మాటను నమ్ముతాడు. కనుక ఆ హోదా ఎవరిచ్చినది, ఆ మాట అంత దూరం వినిపించడానికయ్యే ఖర్చును ఎవరు భరిస్తున్నారు అనే రెండు సంగతులూ పౌరుడికి తెలియవలసినవే. అమెరికాలో మూడు దశాబ్దాలకు పైగా వాతావరణ మార్పు విషయంలో సంశయవాదం వినిపించిన పాట్రిక్ మైకేల్స్ జీవితంలో ఈ రెండు సంగతులూ కోర్టు పత్రాల ద్వారా, ప్రమాణం చేసి ఇచ్చిన సాక్ష్యాల ద్వారా బయటికి వచ్చాయి. అందువల్లనే ఊహాగానాలకు చోటివ్వకుండా చర్చించడానికి వీలున్న అరుదైన ఉదంతంగా దానిని ఈ వ్యాసం ఎంచుకుంటున్నది.

వివాదం ఏ విషయం మీదనో ముందుగా చెప్పుకోవాలి. బొగ్గు, చమురు, సహజవాయువు అనే శిలాజ ఇంధనాలను మండించినప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ భూమి నుంచి బయటికి పోవలసిన వేడిలో కొంత భాగాన్ని ఆపివేస్తుంది. 1958లో హవాయి దీవిలోని మౌనా లోవా పర్వతం మీద కొలతలు మొదలైనప్పుడు గాలిలో పదిలక్ష భాగాలకు సుమారు 315 భాగాలున్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. ఇంతవరకు మైకేల్స్‌కూ అభ్యంతరం లేదన్న విషయాన్ని ఆయనను విమర్శించేవారు తరచుగా మరచిపోతారు. మానవ కార్యకలాపాల వల్ల భూమి కొంత వేడెక్కుతున్నదని ఆయన ఒప్పుకున్నారు; ఆ పెరుగుదల స్వల్పంగానే ఉంటుందనీ, కంప్యూటర్ నమూనాలు దానిని ఎక్కువచేసి చూపుతున్నాయనీ, దానికోసం ఇంధన వాడకంపై ఆంక్షలు పెట్టడం అనవసరమనీ ఆయన వాదం. చదువు లేని మనిషి చేసిన వాదం కాదది. షికాగో విశ్వవిద్యాలయంలో చదివి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి 1979లో డాక్టరేట్ పొందిన ఆయన వర్జీనియా విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్రాల ఆచార్యుడిగా పనిచేశారు. 1980 నుంచి 2007 వరకు వర్జీనియా రాష్ట్ర శీతోష్ణస్థితి నిపుణుడనే అధికారిక హోదా కూడా ఆయనకు ఉండేది. దానికితోడు వాషింగ్టన్‌లోని కేటో ఇన్‌స్టిట్యూట్‌లో సీనియర్ ఫెలో పదవి. ప్రభుత్వ విధానాలపై ఒక దృక్పథాన్ని ప్రచారం చేయడానికి విరాళాలతో నడిచే ఇటువంటి సంస్థలను అక్కడ థింక్ ట్యాంకులంటారు. స్వేచ్ఛా విపణి సిద్ధాంతానికి కట్టుబడిన కేటో స్థాపకులలో చమురు శుద్ధి వ్యాపారాన్ని నడిపే చార్లెస్ కోచ్ ఒకరు.

మైకేల్స్‌కు పరిశ్రమతో ఉన్న సంబంధం వాతావరణ మార్పు అమెరికా రాజకీయాల్లోకి వచ్చిన తొలి సంవత్సరాల నాటిది. 1991లో బొగ్గు ఉత్పత్తిదారుల సంఘమూ, విద్యుత్ సంస్థల సంఘమైన ఎడిసన్ ఎలక్ట్రిక్ ఇన్‌స్టిట్యూటూ, వెస్టర్న్ ఫ్యూయల్స్ అసోసియేషన్ అనే బొగ్గు సరఫరా సంస్థా కలిసి పర్యావరణ సమాచార మండలి అనే అర్థం వచ్చే పేరుతో ఒక ప్రచార సంఘాన్ని ఏర్పాటు చేశాయి. భూతాపాన్ని రుజువైన సత్యంగా కాక వట్టి సిద్ధాంతంగా ప్రజల మనసుల్లో నిలపడం తమ లక్ష్యమని ఆ సంఘం ప్రణాళికలోనే రాసుకున్నది. ప్రకటనలకు ఎంచుకున్న శ్రోతలు ఎవరో కూడా అందులో ఉన్నది: పెద్దగా చదువుకోని వయసు మళ్ళిన పురుషులు, తక్కువ ఆదాయం గల యువతులు. ఆ సంఘపు శాస్త్ర సలహాదారుల జాబితాలో మైకేల్స్ పేరున్నది. ప్రణాళిక పత్రాలు పత్రికలకు చిక్కడంతో ఆ ప్రయత్నం ఎక్కువకాలం సాగలేదు. కానీ వెస్టర్న్ ఫ్యూయల్స్ సహాయంతో మైకేల్స్ నడిపిన వరల్డ్ క్లైమేట్ రివ్యూ అనే పత్రిక సాగింది. విశ్వవిద్యాలయ ఆచార్యుడు సంపాదకుడుగా ఉన్న ఆ పత్రిక పాఠకుడికి ఒక విద్వత్ పత్రికలాగే కనిపించేది.

ఈ చెల్లింపుల పరిమాణం మొదటిసారి స్పష్టమైనది 1995లో, మిన్నెసోటా రాష్ట్రంలో. విద్యుదుత్పత్తి వల్ల పర్యావరణానికి కలిగే నష్టానికి డబ్బు రూపంలో విలువ కట్టాలని ఆ రాష్ట్ర చట్టం విద్యుత్ నియంత్రణ కమిషన్‌ను ఆదేశించింది. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు ఎంత విలువ కట్టాలన్న విచారణలో వెస్టర్న్ ఫ్యూయల్స్ తరపున మైకేల్స్ సాక్ష్యం చెప్పారు. ప్రమాణం చేసిన సాక్షిని ఎదుటి పక్షం అడిగే ప్రశ్నలను అడ్డప్రశ్నలంటారు. ఆ అడ్డప్రశ్నలకు సమాధానంగా, అంతకు ముందు కొద్ది సంవత్సరాలలో జర్మనీ బొగ్గు గనుల సంఘం, ఎడిసన్ ఎలక్ట్రిక్ ఇన్‌స్టిట్యూట్, సైప్రస్ మినరల్స్ అనే గనుల కంపెనీ, వెస్టర్న్ ఫ్యూయల్స్ వంటి వారి నుంచి లక్ష డాలర్లకు పైగా అందిన విషయం వెల్లడైంది. రాస్ గెల్బ్‌స్పాన్ అనే పత్రికా రచయిత ఆ సంగతిని ప్రచురించకపోతే కమిషన్ దస్త్రాలు దాటి వచ్చేది కాదు. అంతవరకు మైకేల్స్ వ్యాసాలను దినపత్రికల్లో చదివిన వేలాదిమంది పాఠకులకు ఆయన ఆచార్యుడనీ, రాష్ట్ర శీతోష్ణస్థితి నిపుణుడనీ మాత్రమే తెలుసు.

పదకొండేళ్ళ తరువాత కొలరాడోలో జరిగినది ఇంకా ఆలోచింపజేస్తుంది. అక్కడి ఇంటర్‌మౌంటెన్ గ్రామీణ విద్యుత్ సంఘం ఒక సహకార సంస్థ, అంటే కరెంటు వాడుకునే వినియోగదారులే దాని యజమానులు. సిరిసిల్ల విద్యుత్ సహకార సంఘాన్ని ఎరిగిన తెలంగాణ పాఠకులకు ఆ ఏర్పాటు కొత్తది కాదు. 2006 జులైలో ఆ సంఘం జనరల్ మేనేజర్ ఇతర సహకార సంఘాలకు ఒక లేఖ రాస్తూ, తమ సంఘం మైకేల్స్‌కు లక్ష డాలర్లు ఇచ్చిందని చెప్పి, మిగతా సంఘాలూ చేయి కలపాలని కోరారు. ఆ లేఖ పత్రికలకు అందింది. నెల నెలా కరెంటు బిల్లు కట్టిన రైతు సొమ్ములో కొంత భాగం అతడి అనుమతి లేకుండా, అతడికి తెలియకుండా, అతడే పౌరుడిగా తీర్పు చెప్పవలసిన ఒక విషయంలో ఒక పక్షపు వాదనను పెంచడానికి ఖర్చయింది. ఆ రైతు మరుసటి వారం పత్రికలో మైకేల్స్ వ్యాసం చదివితే, దానికి తానే చెల్లించిన సంగతి అతడికి తెలిసే మార్గం లేదు. అదే సంవత్సరం వర్జీనియా గవర్నరు కార్యాలయం మైకేల్స్‌ను ప్రైవేటు పనుల్లో రాష్ట్ర హోదాను వాడవద్దని కోరింది. మరుసటి ఏడు ఆయన ఆ పదవి వదులుకున్నారు.

అన్నింటికన్నా ముఖ్యమైన పత్రం వెర్మాంట్ రాష్ట్రంలోని ఫెడరల్ కోర్టులో ఉన్నది. వాహనాల పొగగొట్టాల నుంచి వెలువడే హరితగృహ వాయువులపై వెర్మాంట్ పెట్టిన పరిమితులను కార్ల కంపెనీలు సవాలు చేసినప్పుడు మైకేల్స్‌ను తమ నిపుణ సాక్షిగా ఎంచుకున్నాయి. ఆయన స్వయంగా నడిపిన న్యూ హోప్ ఎన్విరాన్‌మెంటల్ సర్వీసెస్ అనే సలహా సంస్థకు ఎవరెవరు డబ్బు చెల్లిస్తున్నారో చెప్పవలసి వస్తుందని తేలడంతో ఆయన సాక్ష్యం చెప్పకుండానే తప్పుకున్నారు. ఆ వివరాలను రహస్యంగా ఉంచాలని కోరుతూ 2007లో కోర్టుకు ఇచ్చిన ప్రమాణపత్రంలో ఆయన ఒక కారణం చూపించారు. ట్రైస్టేట్ అనే విద్యుత్ సంస్థ తాను ఇచ్చిన యాభై వేల డాలర్ల సహాయాన్ని గోప్యంగా ఉంచమని కోరిందనీ, అది పొరపాటున బయటపడగానే చెడ్డపేరు వస్తున్నదంటూ ఇకముందు సహాయం చేయబోమని తెలిపిందనీ ఆయన రాశారు. పేర్లు బయటికి వస్తే తన వ్యాపారం దెబ్బతింటుందన్నది ఆయన వాదన సారాంశం.

ఈ ప్రమాణపత్రాన్ని శ్రద్ధగా చదవాలి. పేరు చెప్పడం వల్లనే చెల్లింపు ఆగిపోయిందంటే, ఆ సంస్థ కొనుక్కున్నది పరిశోధనను మాత్రమే కాదన్నమాట. పరిశోధన ఫలితం ఎవరి ఖర్చుతో వచ్చినా దాని విలువ తగ్గదు. వంతెన బలాన్ని లెక్కగట్టిన ఇంజనీరుకు సిమెంటు కంపెనీ జీతమిచ్చినా లెక్క సరైనదైతే వంతెన నిలుస్తుంది. బయటపడగానే విలువ కోల్పోయేది ఒక్కటే, అది స్వతంత్రుడి నోటి నుంచి వచ్చిన మాటగా ఆ మాటకున్న గౌరవం. చెల్లించినవారికి కావలసినది ఆ గౌరవమేననీ, గోప్యత ఆ ఒప్పందంలో అనుబంధ షరతు కాక అసలు సరుకుగా మారిందనీ మైకేల్స్ స్వయంగా చేసిన ప్రమాణం నుంచే తేలుతుంది. ఆయనపై వచ్చిన విమర్శలలో ఏదీ ఇంత బలమైనది కాదు.

ఇక్కడ న్యాయంగా ఒక ప్రశ్న వేసుకోవాలి. డబ్బు మైకేల్స్ అభిప్రాయాన్ని మార్చిందా? మార్చలేదనే ఆయన జీవితాంతం చెప్పారు, ఆ మాటను శంకించడానికి కారణం కనిపించదు. ప్రభుత్వ నియంత్రణల పట్ల ఆయనకున్న వ్యతిరేకత తెచ్చిపెట్టుకున్నది కాదు. పరిశ్రమ ధనం సాధారణంగా పనిచేసే తీరు వేరు. వందల మంది నిపుణులలో తమకు అనుకూలమైన అభిప్రాయం నిజాయితీగా ఉన్నవారెవరో వెతికి, వారికి పత్రికను, ప్రయాణాలను, సిబ్బందిని, వేదికలను సమకూర్చడమే ఆ ధనం చేసే పని. ఎవరూ అబద్ధం చెప్పనక్కరలేదు. పదిమందిలో ఒకరి అభిప్రాయం పదిసార్లు వినబడితే శ్రోతకు సభ సగానికి సగం చీలినట్టు అనిపిస్తుంది. అందుచేత వ్యాఖ్యాత అమ్ముడుపోయాడా లేదా అన్న తగవు ఎంత సాగినా, ఆ స్వరం అంత బిగ్గరగా ఎందుకు వినబడుతున్నదన్న ప్రశ్నకు సమాధానం దొరకదు. ఆ స్వరానికయ్యే ఖర్చులో పరిశ్రమ వాటా ఎంతని 2010 ఆగస్టులో సీఎన్ఎన్ కార్యక్రమంలో ఫరీద్ జకారియా అడిగినప్పుడు, తన నిధుల్లో పెట్రోలియం పరిశ్రమ వాటా బహుశా 40 శాతం ఉండవచ్చునని, ఖచ్చితంగా తెలియదంటూనే, మైకేల్స్ చెప్పారు. 2009లో ప్రతినిధుల సభ సంఘానికి ఆయన సమర్పించిన వివరాలు దీనితో పొసగుతున్నాయా అని హెన్రీ వాక్స్‌మన్ అనే సభ్యుడు 2011లో లేఖ ద్వారా ప్రశ్నించవలసి వచ్చింది.

చెల్లింపు తెలిసినంత మాత్రాన వాదన తప్పయిపోదు. వాదనను వాదనగానే పరీక్షించాలి. ఆ పరీక్షలో మైకేల్స్ ఎలా నిలిచారో చూడడానికి 1998 జులైలో ప్రతినిధుల సభ సంఘం ముందు ఆయన చూపిన రేఖాచిత్రమొకటి చాలు. దానికి పదేళ్ళ క్రితం, 1988 జూన్ 23న, నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ సెనేట్ సంఘం ముందు, భూమి వేడెక్కడం మొదలైందని చెబుతూ, భవిష్యత్తును మూడు రేఖలుగా చూపించారు. వాయువుల విడుదల ఏటేటా వేగం పుంజుకుంటూ పోయి, అగ్నిపర్వతమేదీ పేలకపోతే వచ్చే ఉష్ణోగ్రత మొదటి రేఖ. పెరుగుదల నెమ్మదించి, నడుమ ఒక పెద్ద అగ్నిపర్వతం పేలితే వచ్చేది రెండవది. 2000 నాటికి పెరుగుదలను గట్టిగా అరికడితే వచ్చేది మూడవది. వీటిలో రెండవదే వాస్తవానికి దగ్గరగా ఉండవచ్చునని హాన్సెన్ బృందం తమ పరిశోధన పత్రంలో రాసింది. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం నిజంగానే పేలింది, దాని ధూళి వల్ల భూమి తాత్కాలికంగా అర డిగ్రీ దాకా చల్లబడింది. మైకేల్స్ 1998లో చూపిన చిత్రంలో రెండవ, మూడవ రేఖలు లేవు. అన్నింటికన్నా పైన ఉన్న మొదటి రేఖను మాత్రమే ఉంచి, కొలిచిన ఉష్ణోగ్రతను దాని పక్కన పెట్టి, నమూనా ఘోరంగా విఫలమైందని ఆయన చెప్పారు.

ఆయన సమర్థకుల వాదన కూడా వినదగినదే. మొదటి రేఖను, ఉన్నది ఉన్నట్టు సాగితే వచ్చే స్థితిగా హాన్సెన్ 1988 సాక్ష్యంలో వర్ణించారని వారంటారు, అది నిజం. హాన్సెన్ నమూనా భూమి సున్నితత్వాన్ని, అంటే వాయువులు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందన్నదాన్ని, కొంత ఎక్కువగా అంచనా వేసిందనీ, రెండవ రేఖ కూడా జరిగినదానికన్నా కొంత పైనే ఉన్నదనీ తరువాతి పరిశీలనల్లో తేలింది. అది కూడా నిజమే. ఈ రెండు మాటలనూ మైకేల్స్ సంఘం ముందు చెప్పి, మూడు రేఖలనూ చూపించి, తన విమర్శ చేసి ఉంటే అది మంచి శాస్త్ర విమర్శ అయి ఉండేది. శ్రోత తానే తూచుకోవడానికి కావలసిన రెండు రేఖలను చెరిపివేయడంతో ఆ అవకాశం పోయింది. చెరిపిన ఆ బొమ్మ అక్కడితో ఆగలేదు. హాన్సెన్ అంచనా 300 శాతం తప్పిందన్న మాట మైకేల్ క్రైటన్ 2004లో రాసిన నవలకు ఎక్కింది. ఆ నవలాకారుడిని మరుసటి ఏడు సెనేట్ సంఘం సాక్షిగా పిలిచింది. నవల రాసిన మనిషి శాస్త్ర విధానంపై చట్టసభకు సలహా చెప్పే పరిస్థితి రావడానికి మూలం ఏదో ఒక పెద్ద అబద్ధం కాదు, రెండు గీతలు లేకపోవడం.

సంశయవాదుల మరో వాదనకు ఆధారమైన ఉపగ్రహాల కొలతల సంగతి క్లుప్తంగా చెబితే చాలు. ఉపగ్రహాల లెక్కలో వాతావరణం దాదాపు వేడెక్కలేదని 1990లలో సంశయవాదులు తరచుగా చూపించేవారు. ఉపగ్రహ కక్ష్య క్రమంగా కిందికి దిగడం వల్ల ఒక పొరపాటు 1998లోనూ, కొలిచే వేళ మారుతూ రావడం వల్ల మరొకటి 2005లోనూ బయటపడి, సరిదిద్దిన తరువాత ఆ లెక్కలు కూడా వేడినే చూపించాయి. శాస్త్రంలో పొరపాట్లు సహజం, వాటిని ఉపగ్రహ నిపుణులే కనిపెట్టారు.

చెల్లించినవారు తాము ప్రచారం చేయిస్తున్న సందేహాన్ని నమ్మారా అన్నది మరింత బాధ కలిగించే ప్రశ్న. చమురు, బొగ్గు, కార్ల కంపెనీలు 1989లో ఏర్పరచుకున్న గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్‌కు దాని శాస్త్ర సంఘం 1995లో తయారుచేసిన ముసాయిదా, హరితగృహ ప్రభావపు మూల శాస్త్రాన్ని కాదనలేమనీ, సంశయవాదుల ప్రత్యామ్నాయ సిద్ధాంతాలు ఒప్పించేలా లేవనీ చెప్పింది. సంశయవాదుల లోపాలను చర్చించిన ఆ భాగాన్ని తుది ప్రతి నుంచి తొలగించారు. ఎక్సాన్ కంపెనీ శాస్త్రవేత్తలు 1977 నుంచి 2003 వరకు చేసిన ఉష్ణోగ్రత అంచనాలను 2023లో సైన్స్ పత్రికలో పరిశీలించిన పరిశోధకులు, వాటిలో 63 నుంచి 83 శాతం వరకు తరువాత జరిగినదానితో సరిపోయాయని కనుగొన్నారు. తమ సొంత నిపుణుల మాటను గదిలోనే ఉంచి, బయట వేరొకరి సందేహానికి ఖర్చుపెట్టినప్పుడు, ఆ సందేహాన్ని నిజాయితీగా వ్యక్తం చేసిన వ్యాఖ్యాత కూడా ఒక విధంగా మోసపోయినవాడే అవుతాడు.

ప్రభుత్వ నిధులు తీసుకునే శాస్త్రవేత్తలకు మాత్రం స్వప్రయోజనం లేదా అని మైకేల్స్ ఎదురు ప్రశ్న వేసేవారు. ప్రమాదం పెద్దదని చెబితేనే గ్రాంట్లు వస్తాయన్నది ఆయన ఆరోపణ. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. కానీ ప్రభుత్వ గ్రాంటు ఎవరికి, ఎంత, దేనికి ఇచ్చారన్నది ప్రజలకు అందుబాటులో ఉంటుంది, పరిశోధన పత్రం చివర అచ్చవుతుంది. గోప్యత కోసం ఏ శాస్త్రవేత్తా కోర్టుకు వెళ్ళనక్కరలేదు. అదే కొలతతో పర్యావరణవాదులనూ కొలవాలి. అమెరికాలోని పురాతన పర్యావరణ సంస్థల్లో ఒకటైన సియెరా క్లబ్ 2007 నుంచి 2010 వరకు సహజవాయువు పరిశ్రమ నుంచి, ప్రధానంగా చెసపీక్ కంపెనీ అధిపతి నుంచి, రెండున్నర కోట్ల డాలర్లకు పైగా తీసుకున్నది. ఆ సంగతి 2012లో గానీ సభ్యులకు తెలియలేదు. బొగ్గుకు వ్యతిరేకంగా ఆ సంస్థ చెప్పినవి నిజాలే. అయినా పాఠకుడి నుంచి దాచడం పాఠకుడికి చేసిన అన్యాయమే.

ఈ ఉదంతం అమెరికాకు చెందినదైనా దాని ఫలితం అక్కడే ఆగదు, ఎందుకంటే ఆ దేశం వాయువుల విడుదలను తగ్గించడంలో చేసిన ఆలస్యానికి గాలిలో సరిహద్దు లేదు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడగాలులకు రెండు వేల మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఎండలో పనిచేయక తప్పని కూలీలు, వృద్ధులు. ఆ ఒక్క వడగాలికి ఒక్క వ్యాఖ్యాతను బాధ్యుణ్ణి చేయడం తప్పు. ఇటువంటి వడగాలులు ఇంకా తరచుగా, ఇంకా తీవ్రంగా వస్తాయని శాస్త్రం చెబుతున్నప్పుడు, ఆ మాటను తూచుకోవలసినవారిలో ఉపాధి హామీ పనికి వెళ్ళే అనంతపురం కూలీ కూడా ఉన్నాడన్నది మాత్రం నిజం. రామగుండం, కొత్తగూడెం, సింహాద్రి వంటి బొగ్గు విద్యుత్ కేంద్రాల చుట్టూ వేల కుటుంబాల బ్రతుకుతెరువు అల్లుకున్న రాష్ట్రాలివి. బొగ్గును ఎంత త్వరగా వదలాలి, దాని మీద బతికేవారికి ఏమి చూపించాలి అన్న చర్చ ఇక్కడ ఇంకా జరగవలసే ఉన్నది. ఆ చర్చలో సింగరేణి కార్మికుడి సందేహానికీ, ఒక కంపెనీ ఖర్చుతో వచ్చే సందేహానికీ తేడా పాఠకుడికి కనబడాలి.

తెలుగు పత్రికల సంపాదకీయ పుటలో వ్యాసం కింద రచయిత పేరూ హోదా వేయడం ఆచారంగా ఉన్నది. వ్యాసంలోని విషయంతో లాభనష్టాలున్న సంస్థల నుంచి గత కొన్ని సంవత్సరాల్లో రచయితకు గానీ, రచయిత పనిచేసే సంస్థకు గానీ సొమ్ము అందిందా అన్న ఒక్క వాక్యాన్ని దానికి చేర్చవచ్చు. వైద్య పరిశోధన పత్రికలు ఆ పని ఎంతోకాలంగా చేస్తున్నాయి. రచయిత చెప్పినది నిజమో కాదో పత్రిక ఎలా తేల్చుకుంటుందన్న అభ్యంతరం సహేతుకమైనదే. మిన్నెసోటాలో నిజం బయటపడినది ప్రమాణమూ అడ్డప్రశ్నలూ ఉన్నందువల్ల, వెర్మాంట్‌లో బయటపడినది కోర్టు ఉన్నందువల్ల, కొలరాడోలో ఒక లేఖ దారి తప్పినందువల్ల. సంపాదకుడి చేతిలో వీటిలో ఏదీ లేదు. అయినా సంపాదకుడు అడగగలడు. జవాబు వస్తే వ్యాసంతో పాటు అచ్చువేయవచ్చు, రాకపోతే అడిగామనీ రాలేదనీ అచ్చువేయవచ్చు.